ఇరవై మూడు డబ్బాల తేడా

మా లైనులో కారు తలుపులకు రబ్బరు పట్టీలు వేసేది నేను. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఇన్నేళ్లలో నా చోట సామాను అయిపోయి లైను ఆగిందని ఎవరూ అనలేదు. ఆ సంగతి రోజుకు ఒక్కసారైనా చెప్పుకోకపోతే నాకు తిన్నది అరగదు. కొత్తగా చేరినవాళ్లకు చెబుతాను, విన్నవాళ్లకు మళ్లీ చెబుతాను.

అంతకన్నా గొప్ప సంగతి ఇంకొకటి ఉంది. మా అమ్మాయి అదే ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షన్‌లో ఉద్యోగం చేస్తోంది. ఏ సామాను ఎక్కడ ఎంత ఉందో చూపించే కొత్త ప్రోగ్రాం రాసింది అదే. పద్ధతి తేలికే. క్లిప్పులో బోల్టులో, ఏ డబ్బా ఖాళీ అయినా వెంటనే దాని మీది స్టిక్కర్‌ను స్కానర్‌కు చూపించాలి. స్టోరుకు కబురు అందుతుంది, నిండు డబ్బా వస్తుంది. ఒకటి ఖాళీ అయితేనే ఇంకొకటి. గుట్టలు పోసుకునే పని లేదు, వెతుక్కునే పనీ లేదు. ఇదివరకు అట్ట కార్డులతో నడిపేవాళ్లం. సగం కార్డులు ఎవరో ఒకరి జేబులో ఇంటికి వెళ్లిపోయేవి.

నెల రోజులు పరీక్ష పెట్టారు. తెర మీది లెక్క, మా బల్లల పక్క అరల్లో ఉన్న డబ్బాల లెక్క ఒకటి కావాలి. కాలేదు. తెర ఎప్పుడూ ఎక్కువే చూపించేది. నెలాఖరుకు తేడా ఇరవై మూడు డబ్బాలకు చేరింది. మర్నాడు మధ్యాహ్నానికి లెక్క కలవకపోతే ప్రోగ్రాం తీసేసి మళ్లీ కార్డులే పెడతానని మేనేజరు తెగేసి చెప్పాడు.

ఆ సాయంత్రం అమ్మాయి కంచం ముందు కూర్చుని కెలుకుతోందే తప్ప తినడం లేదు.

"ఎక్కడో తప్పు రాసుంటావు. ఇంకోసారి చూసుకోరాదూ?" అన్నాను.

"తప్పేం లేదు నాన్నా."

"మరి డబ్బాలేమైనట్టు? కాళ్లొచ్చి నడిచిపోయాయా?"

అది నా మొహంలోకి చూసింది. ఏదో అనబోయి, మంచినీళ్లు తాగి లేచిపోయింది.

నేను నోరు పారేసుకున్నానే గానీ అసలు సంగతి నా దగ్గరే ఉంది. నా పనిబల్ల కింద, నూనె గుడ్డల చాటున, రెండు నిండు డబ్బాలున్నాయి. కొత్త స్టిక్కర్లు అంటించి ఇచ్చిన మొదటి వారంలోనే అలవాటు కొద్దీ పక్కన పెట్టుకున్నాను. స్టోరువాళ్లు ఎంత ఆలస్యం చేసినా నా లైను ఆగకపోవడం వెనక ఉన్న నేర్పంతా అదే. వాటివల్ల లెక్క తప్పుతుందని తట్టలేదంటే అబద్ధం. ఇరవై మూడులో రెండు ఏపాటిలే అని సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం లైను ఆపి అందరినీ నా బల్ల దగ్గరే నిలబెట్టారు. తేడా అలాగే ఉంది. మేనేజరు మా అమ్మాయి వైపు తిరిగాడు.

"చూడమ్మా, కంప్యూటర్ ముందు కూర్చోవడం వేరు, లైను నడపడం వేరు. కావాలంటే మీ నాన్నగారిని అడుగు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా సామాను లేదనలేదాయన!"

నా బిడ్డను నా పేరుతోనే కొట్టాడు. ఆ పొగడ్తకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. మోకాళ్ల మీద కూర్చుని డబ్బాలు రెండూ లాగి బల్ల మీద పెట్టాను.

"నా గొప్పంతా ఇదే సార్. దాచుకున్నాను. ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదు, తప్పు నాది."

నా పక్కన బోల్టులు బిగించే ఆసామి, టైము తప్పడని అందరం గడియారం అని పిలిచే మనిషి, దగ్గుతూ తన లాకరు దగ్గరికి వెళ్లాడు. దాని వెనకనుంచి మూడు డబ్బాలు తీశాడు. ఆ తర్వాత ఒకరి టూల్‌పెట్టెలోంచి, ఇంకొకరి కుర్చీ కిందనుంచి, కారు అద్దాలు పెట్టే స్టాండు చాటునుంచి వస్తూనే ఉన్నాయి. దొంగలందరం ఒక్క లైనులోనే పోగయ్యాం. మేనేజరు స్వయంగా లెక్కపెట్టాడు.

"ఇరవై రెండు. ఇంకా ఒకటి తేడా ఉంది."

"లేదు సార్," అంది అమ్మాయి. "నాన్నా, నీ దగ్గర మూడుండాలి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "రెండే! నా చేత్తో పెట్టుకున్నవి నాకు తెలీదూ?"

"మూడు," అంది నింపాదిగా.

సణుక్కుంటూ మళ్లీ వంగాను. బల్ల వెనక కాలికీ గోడకీ మధ్య చెయ్యి పెట్టి తడిమితే చేతికి తగిలింది. దుమ్ముకొట్టుకుపోయిన మూడో డబ్బా. ఎప్పుడు తోశానో నాకే గుర్తులేదు. లైనంతా గొల్లుమని నవ్వింది. నా ఇరవై రెండేళ్ల పరువు నిమిషంలో గంగలో కలిసింది. అయినా సరే, ఆ డబ్బాను పైకెత్తి అందరికీ చూపించాను. నేను మరిచిపోయింది కూడా లెక్క తప్పకుండా పట్టుకుంది నా కూతురు. ఛాతీ ఉప్పొంగిపోయింది.

"ప్రోగ్రాం ఉంటుంది," అన్నాడు మేనేజరు. "సామాను అయిపోతే లైను ఆగనివ్వండి. ఎందుకు ఆగిందో నేను చూసుకుంటాను. ఎవరూ ఏదీ దాచొద్దు."

అందరూ భోజనాలకు కదిలాక అమ్మాయి పక్కకు వెళ్లాను.

"నీకెప్పటినుంచి తెలుసే?"

"మొదటి వారం నుంచి. ఒక్కో బల్ల అరను తెరతో పోల్చి చూస్తే ఎవరి దగ్గర ఎన్ని తక్కువో తెలుస్తూనే ఉంది."

"ఆ మాట ముందే చెప్పి ఉంటే నెల రోజులు అన్ని మాటలు పడేదానివి కాదుగా?"

"ఎలా చెప్పను నాన్నా? మొదట నీ పేరే చెప్పాలి. నువ్వే చెప్తావులే అనుకున్నాను."

"ఒకవేళ నేను నోరు మూసుకుని ఉంటే?"

అది నా చేతికంటిన దుమ్ము తుడిచింది.

"చెప్పావుగా," అంది.