లమ్యై పెద్దమ్మ గారి చిన్నిల్లు

నేను ఒక చిన్నిల్లుని. ఆగాగు! చిన్నిల్లు అనగానే కుర్చీ ముందుకి లాక్కున్నావు చూడు! ఇంట్లో వాళ్ళు వింటున్నారేమోనని అటూ ఇటూ దిక్కులు చూడకు, నువ్వనుకునే రకం చిన్నిల్లుని కాదు నేను. మనిషి గుండెలెత్తు స్తంభం మీద కూర్చున్న సిమెంటు ఇల్లుని. పావురాల గూడు కంటే కాస్త పెద్ద, కోళ్ళగూడు కంటే కాస్త చిన్న. బంగారు రంగు కప్పు, కప్పు కొసల్లో పాము పడగల్లాంటి కొమ్ములు, ముందొక బుల్లి వసారా. ఆశపడ్డావు పాపం. సరేలే, వచ్చావు కాబట్టి కూర్చుని విను.

థాయిలాండులో ఇల్లు కట్టుకునే వాళ్ళు పక్కన నాలాంటిదాన్ని ఒకదాన్ని నిలబెడతారు. ఎందుకంటే ఆ నేలకి మనిషి రాకముందు నుంచీ ఒక దేవర ఉంటాడట. వాళ్ళ భాషలో చావ్‌థీ. స్థలదేవుడు అనుకో. 'అయ్యా, నీ చోటులో మేం కొంప కట్టుకున్నాం, నువ్వు ఇందులో ఉండు, మా మీద కోప్పడకు' అని ఆయన్ని నాలో దింపుతారు. అంటే ఇంట్లో ఉండేది ఆయన, రోజూ తిండీ తిప్పలూ చూడాల్సింది వీళ్ళు. ఇంత మంచి ఒప్పందం ఏ అద్దెకున్నవాడికీ దొరకదు.

ఇంతకీ నాలో ఆయన ఉన్నాడా అని అడగబోతున్నావు కదా. ఏమో! నా లోపల ఎవరున్నారో నాకు తెలిస్తే నీకెందుకు చెప్పను? ఒక్కోసారి మధ్యాహ్నం లోపల ఎవరో ఆవులించినట్టుండేది. తీరా చూస్తే బల్లి.

నేను పుట్టింది హైవే పక్కన ఒక సిమెంటు షెడ్డులో. అచ్చులో పోసి, ఎండబెట్టి, రంగులేశారు. రంగులేసే ఆవిడ ఫోనులో మొగుణ్ణి తిడుతూ వేసింది. అందుకే నా ఎడమ కిటికీ వంకర. అక్కణ్ణుంచి నన్ను బాంగ్‌పకొంగ్ ఏటి ఒడ్డున రొయ్యల చెరువుల ఊరికి తెచ్చుకున్నది లమ్యై గారి భర్త. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి పా లమ్యై అంటారు. పా అంటే పెద్దమ్మ. భర్త పోయాక ఆవిడ వెనక వాటాలో ఉంటూ ముందు ఇల్లు అద్దెకిచ్చేది. నాకు మాత్రం పొద్దున్నే సాంబ్రాణి కడ్డీలు, అరటిపళ్ళు, మూత తీసి గొట్టం పెట్టిన ఎర్ర సోడా సీసా.

అద్దెకొచ్చిన వాళ్ళంతా పైదేశాల వాళ్ళే. వాళ్ళకి నేను ఎప్పుడూ అర్థం కాలేదు. ఒక జపానాయన ఆఫీసుకి వెళ్తూ, వస్తూ నాకు నడుం విరిగేట్టు వంగేవాడు. నేను పోస్టుడబ్బానని ఎవరో చెబితే మానేశాడు. అదీ తప్పే. ఒక ఇంగ్లీషాయన నన్ను పక్షుల గూడనుకుని గింజలు పోశాడు. దాంతో ఊళ్ళో పిచ్చుకలన్నీ నా మీద కాపురాలు పెట్టాయి. ఎవరూ నిలవలేదు. ఒకరి తరవాత ఒకరు పెట్టె సర్దుకుని పోయారు.

అప్పుడొచ్చాడు అబ్బులు.

ఆకివీడు మనిషి. ఇక్కడి రొయ్యపిల్లల హేచరీలో టెక్నీషియను. చదువు పదోక్లాసుతో సరి, నోరు మాత్రం పీహెచ్‌డీ. చెరువు గట్టు మీద తోటిపనివాళ్ళ చెప్పులు ఒకరివొకరికి మార్చి పెట్టి, ఎవరు ఎవర్ని తిడతారో చాటునుంచి చూసే రకం. ఆయన భార్య మంగతాయారు. నాకు తెలుగు ఎలా వచ్చిందని ఇందాకణ్ణుంచీ నీ బుర్ర దొలుస్తోంది కదూ? ఆకివీడు మొగుడూ పెళ్ళాలు పక్కనే అరుగు మీద కూర్చుని వాదించుకుంటే సిమెంటుకైనా వస్తుంది.

మంగతాయారుకి ఇక్కడ ఏదీ పాలుపోలేదు. చెప్పులు ఎక్కడ విడవాలో, ఎవరికి ఎంత వంగి దణ్ణం పెట్టాలో, బజారులో నవ్వుతూ 'లేదు' అంటున్నారో నవ్వుతూ 'ఉంది' అంటున్నారో తెలిసేది కాదు. పా లమ్యై ఒక రోజు గిన్నెనిండా ఏదో వండి తెచ్చింది. మంగతాయారు మన ఆచారం ప్రకారం "అయ్యో, వద్దండీ, ఎందుకండీ" అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. రెండోసారి బతిమాలితే తీసుకుందామని నిలబడింది. పా లమ్యై వాళ్ళ ఆచారం ప్రకారం వద్దన్నారు కాబట్టి గిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది. 

ఆ సాయంత్రమే అరుగు మీద తేల్చి చెప్పింది.

"ఏవండీ, నా వల్ల కాదు. మాటాడే మనిషి లేడు, పెట్టే చెయ్యి లేదు. వానలు తగ్గాక నేను ఆకివీడు ఎల్లిపోతాను. మీరుండండి మీ రొయ్యలతో."

"ఎహె, ఊరుకోవే. అలవాటైపోద్ది."

"రొయ్యకి అలవాటవుద్ది. నాకు కాదు."

అబ్బులు నవ్వాడు గానీ ఆ నవ్వు మూతి దాకానే వచ్చి ఆగిపోయింది. ఆమె లేకపోతే ఈ మనిషి ఎవరి మీద వేళాకోళమాడతాడు? ఆ రోజు మొదలు ఆయన గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. ఆకివీడులో మంచినీళ్ళ గ్లాసు కూడా కదిపిన చెయ్యి కాదు అది.

ఇక అసలు కథ. ఒక సెలవు రోజు అబ్బులు నా ముందు నిలబడి ఎర్ర సోడా వైపు చాలాసేపు చూశాడు. వాళ్ళ ఊరి లెక్క వేరు కదా. నైవేద్యం పెట్టామా, హారతిచ్చామా, తరవాత అది ప్రసాదం. పంచాలి, కళ్ళకద్దుకోవాలి, తినాలి. ఇక్కడేమో పా లమ్యై పొద్దున్న పెట్టింది సాయంత్రం దాకా చీమలకి వదిలేస్తోంది.

"పాపం, పెద్దావిడ. పెట్టడం గుర్తుంటాది, పంచడం మర్చిపోతంది" అని తీర్పు చెప్పి, సీసా కళ్ళకద్దుకుని గొట్టంతో సుర్రున లాగేశాడు. అరటిపళ్ళు లోపలికి పట్టుకెళ్ళాడు. లోపల్నించి కేక వినిపించింది.

"ఏవండీ! ఆళ్ళ దేవుడి పళ్ళండీ అయ్యి!"

"మన దేవుడు తిన్నాక మనం తినట్లేదా? ఏ దేవుడైనా రసం చూసి పిప్పి మనకే వదుల్తాడే."

సాయంత్రం పా లమ్యై వచ్చి ఖాళీ సీసా ఎత్తి చూసింది. వెలుతురులో పెట్టి చూసింది. నా లోపలికి తొంగి చూసింది. నేనూ తొంగి చూశాను. బల్లి తప్ప ఎవరూ లేరు. ఆవిడ చేతులు జోడించి వెళ్ళింది. మర్నాడు సీసాలు రెండు పెట్టింది. పక్కన ఒక గిన్నెలో కొబ్బరిపాలతో ఉడికించిన గుమ్మడికాయ.

అబ్బులికి అలవాటైంది. పనికి పోయే ముందు, దొంగపిల్లిలా నా వెనకనుంచి చెయ్యి పెట్టి గిన్నె లాగడం, లోపలికి పరుగెత్తడం. అసలు చిక్కు ఆ గిన్నెతో వచ్చింది.

"తోమేశాను, పెట్టేసొత్తాను" అన్నాడు.

"ఖాళీ గిన్నా? ఎవరింటి గిన్నైనా ఖాళీగా ఇత్తామా?"

"అది దేవుడి గిన్నె మంగా! దేవుడికి ఎదురు పెడతావేటి?"

"దేవుడైనా, దెయ్యమైనా, గిన్నె గిన్నే."

ఆ సాయంత్రం పా లమ్యై వచ్చేసరికి గిన్నె నిండా గారెలు. తాతల నాటి చావ్‌థీ మినపగారెలు వండి ఎదురు పెట్టాడు! ఆవిడ ఒకటి తుంచింది. నమిలింది. రెండోది తుంచింది. గిన్నె గుండెకి హత్తుకుని వెళ్ళిపోయింది.

దాంతో నా హోదా పెరిగింది. పక్కవీధి వాళ్ళు వచ్చి, ఈ ఇంటి దేవర తింటాడట, తిరిగి పెడతాడట అని దణ్ణాలు పెట్టారు. కొందరు నా సాంబ్రాణి బూడిదలో లాటరీ నంబర్లు వెతికారు. నేనూ ఛాతీ విరుచుకున్నాను. అబద్ధమెందుకు, నాకే అనుమానం వచ్చింది. తింటున్నది అబ్బులని కళ్ళారా చూస్తూ కూడా, కొంత లోపలాయన కూడా తింటున్నాడేమోననిపించేది. నలుగురూ దణ్ణం పెడితే ఎవరికైనా అంతే, నీకు మాత్రం?

అబ్బులు మరీ రెచ్చిపోయాడు. నా వసారాలోని బుల్లి ఏనుగుల్ని వెనక్కి తిప్పి పెట్టేవాడు. బొమ్మ ముసలాయన మూతికి గారె నలుసు అంటించేవాడు. ఆ ముచ్చట అరుగు మీద భార్యకి చెబితే ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు కోసమే ఇంకో వేషం వేసేవాడు. ఇల్లు దాటేటప్పుడు మాత్రం ఆకాశం వైపు చూసి, మబ్బుంటే ఊపిరి పీల్చుకునేవాడు. వాన తగ్గకూడదు. చెరువులకి మంచిది కాదని తెలిసీ ఈయన వాన కోరుకున్నాడు.

గిన్నెల రాకపోకలు ఆగలేదు. ఒక రోజు కొబ్బరిపాల పొంగడాలు వచ్చాయి. బియ్యప్పిండి, కొబ్బరిపాలు గుంతల పెనంలో పోసి కాలుస్తారు ఇక్కడ. అబ్బులు అరుగు మీదే రెండు మింగి, మూడోది చేత్తో ఎత్తి చూపించాడు.

"చూడవే! అంచు కరకర, మజ్జలో ఎన్న. పెళ్ళైన కాణ్ణించీ పొంగడాలేత్తన్నావు, ఒక్కనాడైనా ఇలా వొచ్చినియ్యా? పనితనం అంటే ఇదీ!"

"అవునండీ" అంది మంగతాయారు. "ఏ మహాతల్లి చేసిందో."

ఇలా ఉండగా నా కప్పు పగిలింది. వంకర కిటికీ పక్కనుంచి స్తంభం దాకా బీట. పా లమ్యై కొత్త ఇల్లు తెప్పించింది, నాకంటే ఎత్తు, నాకంటే నిగనిగ. పాతదాంట్లోని చావ్‌థీని కొత్తదాంట్లోకి పిలవడానికి తెల్లబట్టల అయ్యవారు ఒకాయన వస్తాడని ఊరంతా చెప్పింది.

అబ్బులికి ముచ్చెమటలు పట్టాయి.

"ఆయన చావ్‌థీతో మాటాడతాడంటే! 'ఇన్నాళ్ళూ ఏం తిన్నావు సామీ' అని అడిగితే? 'ఏం తినలేదు, ఆకివీడోడు తినేశాడు' అని చెప్పేత్తే? పెద్దావిడ మనల్ని గెంటేత్తాది మంగా. ఇల్లు పోతే నువ్వు రేపే బండెక్కుతావు."

"మీరే చూసుకోండి" అంది ఆమె.

ఆ ఉదయం పందిరి వేశారు. అయ్యవారు గంట సేపు పాళీలో ఏదో చదివి, నా మీద నీళ్ళు చల్లి, నాలోని దేవరని బతిమాలి బతిమాలి బయటికి పిలిచాడు. నేను బిగబట్టుకుని నిలబడ్డాను, ఎవరైనా లేచి వెళ్తే తెలుస్తుందని. ఏమీ కదల్లేదు. వెళ్ళాడో, ఉన్నాడో, నాకు అంతుపట్టలేదు. ముందు వరసలో అబ్బులు కళ్ళు గట్టిగా మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ ఒకేసారి పిలుస్తున్నాడు.

తంతు అయ్యాక విస్తళ్ళు వేశారు. అయ్యవారు ఒక పొంగడం నోట్లో వేసుకుని కళ్ళు మూశాడు.

"లమ్యై, ఇది నీ చెయ్యి కాదే. ఎవరు చేశారు?"

పా లమ్యై మంగతాయారు వైపు చూపించింది. మంగతాయారు తలెత్తి, చేతులు జోడించి, గడగడా థాయిలో చెప్పుకుపోయింది. "చిక్కటి పాలు చివర్లో పొయ్యాలి తాతగారూ, ముందే పోస్తే విరిగిపోతాయి. పా లమ్యై నేర్పింది. మొదట్లో రోజూ మాడ్చేదాన్ని!"

అబ్బులు నోట్లోది నోట్లోనే ఉండిపోయింది. ఇన్ని నెలల్లో 'నీళ్ళు' అనే మాటకూడా రాదనుకున్న భార్య!

"మంగా... నీకీ బాస... ఎప్పుడు..."

పా లమ్యై కడుపు పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. "అబ్బులూ, చావ్‌థీకి కరివేపాకు ఎక్కడ దొరుకుతుందయ్యా? గారె తిన్న మర్నాడే మీ వంటింటి తలుపు తట్టాను. ఈ పిల్ల చెయ్యి అడ్డం పెట్టబోయింది. నేను వినకుండా లోపలికొచ్చి పీట వేసుకు కూర్చున్నా. అప్పణ్ణించి నువ్వు పనికి పోవడమే ఆలస్యం, నాకు ఈమె గారెలు నేర్పడం, నేను ఈమెకి పొంగడాలు నేర్పడం!"

"మరి... ఆ గిన్నెలు?"

"నువ్వు లోపలికి దొంగతనంగా తెచ్చినవి మీ ఆవిడ చేసినవి. బయటికి దొంగతనంగా పెట్టినవి నేను చేసినవి. నువ్వు వంగి వంగి నడుస్తుంటే చెరో కిటికీలోంచి ఇద్దరం చూసేవాళ్ళం."

నాకూ అప్పుడే తెలిసింది. ఏం చెయ్యను, నా మొహం వీధి వైపు, వంటిల్లు నా వీపు వెనక.

అబ్బులు భార్య వైపు తిరిగాడు.  "అయితే, వానలు తగ్గాక ఎల్లిపోతానన్నావు?"

"వానలు తగ్గి ఎన్నాళ్ళైంది? మీరు మబ్బులెతుక్కుంటన్నారు గానీ."

"ఉండిపోదామని ఎప్పుడనుకున్నావు మరి?"

"ఈవిడ పీటేసుక్కూచున్న రోజే."

"నాకో మాట చెప్పొచ్చు కదే!"

"చెప్తే గిన్నెలు తోమేవోరా?"

పందిరంతా గొల్లుమంది. అబ్బులు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఏ నీళ్ళవి అని నన్నడక్కు. అయ్యవారు మాత్రం నవ్వు మధ్యలో ఆగి, అనుమానంగా అడిగాడు.

"అది సరే లమ్యై, గిన్నెలన్నీ వీళ్ళే తిన్నారు. ఇన్నాళ్ళూ చావ్‌థీ పస్తున్నాడా?"

"పస్తా? తప్పు తప్పు! ఆయనకి పొద్దున్నే మా వంటింటి గూట్లో వేరే పెడుతున్నాగా. గారె తిన్న మర్నాడే, ఈ పాతది వానకి కారుతోందని లోపలికి పిలిచేశాను."

"మరి ఇందాక నేను గంట సేపు దీన్లోంచి బయటికి పిలిచింది ఎవర్ని?"

 ఒక బల్లి నా వంకర కిటికీలోంచి దిగి కొత్తింటి వైపు నడిచింది.

పాత చిన్నిళ్ళని పగలగొట్టకూడదు. అందుకని అబ్బులే నన్ను బండిమీద వేసుకొచ్చి ఈ ఆలయం వెనక గోడ దగ్గర దింపి, దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఇక్కడ నాలాంటివి గుట్టలు. కప్పు ఎగిరినవి, గోడ విరిగినవి, పిల్లులు కాపురమున్నవి. ఎవరి గొప్పలు వాళ్ళు చెప్పుకుంటారు. నేనూ మొదలెట్టాను, మా ఊళ్ళో నాకు ఎన్ని దణ్ణాలో, ఎంత పేరో, అబ్బులు ఎంత వెర్రివాడో. సగంలో ఆగిపోయాను. దణ్ణాలు పెట్టినంత కాలం లోపల ఎవరూ లేరు. అబ్బుల్ని చూసి నేను నవ్వుకున్నంత కాలం, వెనక మా ఇద్దర్నీ చూసి ఆ ఆడవాళ్ళిద్దరూ నవ్వారు. ఆ వెర్రి అబ్బులికి కనీసం పొంగడాలైనా దక్కాయి.