శనగచేలో గొలుసు జాడలు

కంటి ఆపరేషన్ చేయించుకుని నంద్యాల నుంచి వచ్చిన మరుసటి రోజు పొద్దున్నే ఓబులేసు చేనికి బయలుదేరాడు. వంగకూడదు, బరువు ఎత్తకూడదు, ఎండలో తిరగకూడదు అని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. గడప దగ్గరే భార్య ఆదిలక్ష్మమ్మ అడ్డం పడింది.

"ఒక వారం ఇంట్లో కూచుంటే ఏం పోతాది? చేను యాడికన్నా పోతాదా?"

"మూడు దినాలు తుపాను కొట్టింది. సూడకుండా ఎట్ల కూచునేది?" అంటూ నల్ల అద్దాలు సర్దుకుని నడిచాడు.

ఆళ్లగడ్డకు ఆరు కిలోమీటర్ల దూరంలో, అహోబిలం పోయే దారికి ఒక పక్కగా ఉంటుంది ఆ ఊరు. ఓబులేసుది ఎనిమిది ఎకరాల నల్లరేగడి. ఈ ఏడు శనగ వేశాడు. చేను ఆ చివర, వంక ఒడ్డున ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో మొక్కజొన్న మూటలు పెట్టుకునేవాడు. షెడ్డు దాటితే జయరాజు మూడెకరాలు. ఆ మూడెకరాలకు సొంత దారి లేదు. జయరాజు వంక గట్టు మీద నుంచే పోయి రావాలి. వంక పారితే అదీ లేదు. ఓబులేసు చేని హద్దు గెట్టు పక్కన కాస్త దారి ఇమ్మని జయరాజు పదేళ్లుగా అడుగుతున్నాడు. పదేళ్లుగా ఓబులేసు కాదంటున్నాడు.

చేను అంచుకు రాగానే ఓబులేసు అడుగు ఆగిపోయింది.

రోడ్డు వైపు నుంచి షెడ్డు దాకా, చేనికి అడ్డంగా ట్రాక్టరు చక్రాల జాడలు. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు పోయి వచ్చినట్టున్నాయి. పూతకు రావలసిన శనగ మొక్కలు బురదలోకి అణిగిపోయి ఉన్నాయి. అద్దాలు తీసి, డాక్టరు మాట మరిచి, వంగి చూశాడు. మామూలు టైరు గుర్తులు కావవి. జానెడు దూరానికి ఒకటి చొప్పున అడ్డంగా లోతైన గీతలు, నిచ్చెన మెట్లలాగా. గొలుసు కడియాల అచ్చు కొన్నిచోట్ల స్పష్టంగా దిగి ఉంది.

టైర్లకు గొలుసులు కట్టే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే. జయరాజు.

జయరాజు పద్దెనిమిదేళ్లు మిలిటరీలో లారీ నడిపాడు. లడఖ్‌లో చలికాలం మంచు మీద చక్రాలు జారకుండా టైర్లకు గొలుసులు చుట్టేవాళ్లట. రిటైరై ఊరికి వచ్చాక ఒక పాత చిన్న ట్రాక్టరు కొన్నాడు. నల్లరేగడి తడిస్తే మంచు కంటే అన్యాయంగా జారుతుందని, ఆళ్లగడ్డలో వెల్డింగు చేసేవాడి దగ్గర కూర్చుని గొలుసులు చేయించుకున్నాడు. ఏ బండికైనా సరిపోయేటట్టు వాటికి వరసగా కొక్కేలు పెట్టించాడు. మొదట్లో ఊళ్లో అందరూ నవ్వారు. పోయినేడు తుపానులో అందరి బండ్లూ దిగబడి అతని బండి ఒక్కటే కదిలినప్పుడు నవ్వడం మానేశారు.

ఓబులేసు నడుము నిలబెట్టి నాలుగు దిక్కులూ చూశాడు. వచ్చే వారం భూముల రీసర్వే వాళ్లు వస్తున్నారు. డ్రోన్‌తో పైనుంచి ఫోటోలు తీస్తారని విన్నాడు. పైనుంచి చూస్తే ఈ జాడలు అచ్చం బండిదారిలాగే కనిపిస్తాయి. తాను ఊళ్లో లేని మూడు రోజులూ చూసుకుని, జయరాజు చేను మధ్యన దారి పుట్టించాడు. ఓబులేసుకు అంతా అర్థమైనట్టే అనిపించింది.

ఇంటికి వచ్చి కొడుకు మహేష్‌ని నిలదీశాడు.

"నేను ఆసుపత్రిలో పండుకోనుంటే నువ్వు ఊళ్లో ఏం సేస్తాండావు? జయరాజు మన చేలో బండి తోలినాడు. సూడలేదా?"

మహేష్ చేతిలో ఫోన్ వైపే చూస్తూ, "నేను సూడలేదు నాయనా" అన్నాడు.

"మరి షెడ్డులో మూటలు?"

"వానకు ముందే ఇంటికి తోలినా."

కోడలు కావ్య టీ గ్లాసు అక్కడ పెట్టి, మామ ముఖం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. గొడవంటే ఇద్దరికీ భయం అనుకున్నాడు ఓబులేసు. తన కాలం అయిపోతే ఈ భూమిని వీళ్లేం నిలబెట్టుకుంటారు అనుకున్నాడు.

టీ తాగకుండానే జయరాజు ఇంటికి పోయాడు. జయరాజు వాకిట్లో కూర్చుని ఇంజన్ ఫిల్టరు కడుగుతున్నాడు.

"రా అన్నా. కన్ను బాగైందా?"

"బాగైంది. శానా బాగా కనపడతాండాది. నా చేలో నీ గొలుసుల అచ్చు కూడా కనపడింది."

జయరాజు చేతులు ఆగాయి. గుడ్డతో నూనె తుడుచుకున్నాడు.

"గొలుసులు నావే. నా బండి మాత్రం నీ చేలోకి రాలేదు."

"అంటే గొలుసులు వాటికవే నడిసి వచ్చినాయా?"

జయరాజు మళ్లీ ఫిల్టరు అందుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ అతని భార్య ప్రసన్నకుమారికి కోపం వచ్చింది.

"చెప్పరాదా? నువ్వెందుకు మాట పడాల?"

జయరాజు ఆమెను వద్దన్నట్టు చూశాడు. తర్వాత ఓబులేసుతో, "నన్నడగొద్దన్నా. అడగాల్సినోళ్లను అడుగు" అన్నాడు.

ఆ మాటతో ఓబులేసు అనుమానం ఇంకా గట్టిపడింది. దాచడానికి ఏమీ లేనివాడు భార్య నోరెందుకు మూయిస్తాడు? అడగాల్సినోళ్లు అంటే ఎవరు? ఆఫీసులో ఇప్పటికే ఎవరినో చేతిలో పెట్టుకున్నాడన్న మాట. ఇంకొక్క క్షణం అక్కడ నిలబడలేదు. నేరుగా ఊరి సచివాలయానికి పోయి, తన చేలో జయరాజు దౌర్జన్యంగా దారి చేశాడని అర్జీ రాయించి ఇచ్చాడు.

సర్వేయరు అజయ్ కుమార్ కుర్రవాడు. అర్జీ రెండుసార్లు చదివాడు.

"ఆయన బండే అని ఎట్ల చెప్పేది పెద్దాయనా?"

"గొలుసులు ఆయప్పవే. ఒప్పుకున్నాడు."

"గొలుసులు ఎవరికైనా ఇచ్చి ఉండొచ్చు గదా. చేలో జాడకూ జాడకూ మధ్య ఎంతుందో, ఆయన బండి చక్రాల మధ్య ఎంతుందో రెండూ ఒకటే అయితే మీ మాటకు బలం ఉంటాది. నేను సోమవారం వచ్చి చూస్తా."

సోమవారం దాకా ఆగితే జయరాజు జాడలు చెరిపేస్తాడు. ఓబులేసు ఒక తాడు తీసుకుని మళ్లీ చేనికి పోయాడు. ఎడమ జాడ నడుమ నుంచి కుడి జాడ నడుమకు తాడు లాగి, సరిగ్గా అక్కడ ముడి వేశాడు. కన్ను నీళ్లు కారుతున్నా లెక్కచేయకుండా ఇంకో రెండు చోట్ల కొలిచాడు. ముడి ఎక్కడా తప్పలేదు.

ఆ తాడుతోనే మళ్లీ జయరాజు వాకిలికి పోయాడు. జయరాజు తాడును చూశాడు, ముడిని చూశాడు. "కొలుసుకో" అని పక్కకు జరిగాడు.

ఓబులేసు వెనక చక్రాల దగ్గర తాడు పట్టాడు. ముడి చక్రం నడుమకు రాలేదు. జానెడు బయటికి పోయింది. తాడు బిగించి మళ్లీ కొలిచాడు. అంతే.

"చక్రాలు లోపలికి జరిపినావు" అన్నాడు.

"బోల్టులు సూడు."

చూశాడు. బోల్టులన్నీ తుప్పు పట్టి, పైన మట్టి గట్టిపడి ఉన్నాయి. వాటి మీద పానా పడి ఏళ్లయినట్టుంది. జయరాజు ఒక్క మాట కూడా ఎగతాళిగా అనలేదు. అనకపోవడమే ఓబులేసుకు కష్టంగా ఉంది.

జాడల మధ్య అంత వెడల్పుందంటే అది పెద్ద బండే. ఇంటి దారిలో పెద్ద ట్రాక్టర్లున్న వాళ్లను ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. ఊళ్లో ఉన్నవే మూడు. ఒకటి ఇంజను విప్పి మెకానిక్ షెడ్డులో పడి ఉంది. ఇంకొకటి దసరా నుంచి డోన్ దగ్గర కంకర తోలుతోంది. మూడోది ఎవరిదో తలుచుకోవడానికి అతనికి మనసు రాలేదు. అడుగులు మాత్రం అక్కడికే తీసుకుపోయాయి.

తన వాకిట్లో, తన ట్రాక్టరు వెనక నిలబడి తాడు పట్టాడు. ముడి సరిగ్గా చక్రం నడుమ కూర్చుంది. టైరు పక్కల మీద చేయి పెట్టి చూశాడు. గొలుసు రాసుకున్న గీతలు నున్నగా వేలికి తగిలాయి.

"మహేషూ" అని పిలిచాడు.

మహేష్ బయటికి వచ్చాడు. తండ్రి చేతిలో తాడు చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నువ్వేనా?"

"నేనే నాయనా."

ఓబులేసు అరుగు మీద కూర్చున్నాడు. మహేష్ నిలబడే చెప్పాడు. ఆపరేషన్ రోజు మధ్యాహ్నం వంక పొంగింది. నీళ్లు షెడ్డు గోడ దాకా వచ్చాయి. లోపల అరవై మూటల మొక్కజొన్న. ట్రాక్టరు తీసుకుని గెట్టున పోబోతే పది గజాలు కూడా పోకుండా దిగబడింది. జయరాజు తన చేను చూసుకోవడానికి వస్తూ చూసి, వెనక్కి పోయి గొలుసులు తెచ్చాడు. బురదలో మోకాళ్ల మీద కూర్చుని రెండు చక్రాలకూ తనే కట్టాడు. గెట్టు పక్కన నీళ్లు నిలిచాయి కాబట్టి చేను నడుమ గట్టిగా ఉన్న చోటు చూపించాడు. మూడు ట్రిప్పుల్లో మూటలన్నీ రోడ్డుకు చేర్చారు. సగం మూటలు అతనే మోశాడు.

"మరి ఆయప్ప ఎందుకు చెప్పలేదు?"

"నేనే ఒట్టు ఏయించుకున్నా."

"ఎందుకురా?"

మహేష్ తలెత్తాడు. "నీకు చెప్తే ఏమంటావు? ఆయప్ప చేతులు పడిన మూటలు ఇంట్లోకి రానిస్తావా? పోయినేడు వాళ్ల బిడ్డ పెండ్లికి పోయొచ్చినానని నెల దినాలు నాతో మాట్లాడలేదు నువ్వు. చేను కొంచెం తొక్కినా, ఏమో ఒకటి చెప్పుకోవచ్చులే అనుకున్నా. నువ్వు అర్జీ దాకా పోతావనుకోలేదు."

"మీ యమ్మకు తెల్సా?"

"తెల్సు. ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పినా."

ఓబులేసుకు కోపం రావలసిన చోట ఇంకేదో వచ్చింది. నంద్యాలలో మంచం పక్కన కూర్చుని, బత్తాయి రసం పోసి ఇస్తూ, "ఊళ్లో అంతా బాగుందంట" అని చెప్పిన మనిషి తన భార్యే. ఇంట్లో అందరికీ తెలుసు. జయరాజుకు తెలుసు, ప్రసన్నకుమారికి తెలుసు. తెలియంది తనొక్కడికే. ఆ పూట అన్నం ముట్టలేదు.

సోమవారం అజయ్ కుమార్ చేనికి వచ్చాడు. జయరాజునూ పిలిపించాడు. అతను తెల్ల చొక్కా వేసుకుని వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"అర్జీ ఎనక్కి తీసుకుంటా" అన్నాడు ఓబులేసు. "బండి నాది. తోలింది నా కొడుకు. ఈయప్ప తప్పేం లేదు."

సర్వేయరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "సరే. అట్లనే రీసర్వే కోసం ఇంకోటి తేల్చాల. ఆ మూడెకరాలకు దారి ఎట్లని రాయమంటారు?"

ఓబులేసు మనసులో మళ్లీ ఒక పురుగు కదిలింది. ఊరికే ఎవడైనా బురదలో మోకాళ్ల మీద కూర్చుంటాడా? నేరుగా జయరాజు దగ్గరికి నడిచాడు.

"నిజం చెప్పు. దారి కోసమేనా నా కొడుక్కు సాయం సేసినావు?"

జయరాజు తల తిప్పుకోకుండా చెప్పాడు.

"గొలుసులు కట్టేటప్పుడు ఆ మాట మనసులోకి రాలేదంటే అబద్ధం అన్నా. వచ్చింది. పదేండ్లుగా అడుగుతాండా, రాకుండా ఎట్లుంటాది? అయితే ఆ పొద్దు మూటలు నీళ్లలోకి పోతాండాయి. అది సూస్తా నిలబడలేకపోయినా."

ఓబులేసు అతని ముఖంలోకి చూశాడు. రాలేదని చెప్పి ఉంటే నమ్మేవాడు కాదు. సర్వేయరు వైపు తిరిగాడు.

"ఉత్తరం గెట్టున తొమ్మిది అడుగులు. రాసుకో అప్పా."

అజయ్ కుమార్ రాయబోయాడు. జయరాజు చేయి అడ్డం పెట్టాడు.

"అన్నా, నోటి మాట కాదు. సంతకం పెడతావా?"

"ఏం, నా మీద నమ్మకం లేదా?"

"లేదన్నా" అన్నాడు జయరాజు, మెల్లగా.

మహేష్ తండ్రిని చూశాడు. ఓబులేసు పెన్ను అందుకుని సంతకం పెట్టాడు. తర్వాత అదే పెన్ను జయరాజుకు ఇచ్చాడు.

"నువ్వూ పెట్టు. తొమ్మిది అడుగులే. పదో అడుగు నాది."

"పెడతా" అన్నాడు జయరాజు.

ఇంటికి వచ్చాక ఓబులేసు ఆదిలక్ష్మమ్మతో మాట్లాడలేదు. సాయంత్రం ఆమె కంట్లో చుక్కల మందు వేయడానికి వచ్చింది. తల వెనక్కి వాల్చి, కన్ను తెరిచి పెట్టి అడిగాడు.

"ఇన్నేండ్లలో ఇంకా ఏమేం దాసినారు నా కాడ?"

ఆదిలక్ష్మమ్మ మందు వేసి, మూత బిగించి, పక్కన కూర్చుంది.

"శానా ఉండాయి" అంది. "కొట్లాడకుండా వింటానంటే చెప్తా."

ఓబులేసు కన్ను మూసుకుని, చెప్పమన్నట్టు తలూపాడు.