సేనాధిపతి కోసం ఎవరేడ్చారు?

లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఒకాయన చాలా ఏళ్లుగా ఓ నవల రాస్తున్నాడు. అందులో ప్రపంచయుద్ధం మనం చదువుకున్నట్టు మొదలవదు. యువరాజు మీద పేల్చిన తుపాకీ గురి తప్పుతుంది. హమ్మయ్య అనుకుంటారు అందరూ. కొన్నేళ్లకి ఓ రేవులో ఎవరి బొగ్గు ఓడ ముందు ఆగాలన్న తగువు చిలికి చిలికి గాలివానై, దేశాలన్నిటినీ యుద్ధంలోకి లాగుతుంది.

ఆ నవలలో ఒక ముసలి సేనాధిపతి ఉన్నాడు. ఎవరి మాటా వినడు, అడగకపోయినా సలహాలిస్తాడు. అచ్చం మెకానిక్ గారి అత్తగారే. ఇంట్లో పైకి అనలేని మాటలన్నీ అల్లుడు కాగితం మీద కసితీరా రాసుకున్నాడు. చివరికి ఆయన్ని గుర్రం మీంచి బురదగుంటలో పడేసి చంపేశాడు కూడా.

ఇంతలో అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. రెండో కంటి చూపు అంతంతమాత్రం. కూతురింట్లో కట్టుతో కూర్చుని "పొద్దుపోక చస్తున్నానే" అని ఒకటే గోల.

"ఏమండీ, మీ నవల చదివి వినిపించండి" అంది భార్య. అల్లుడి గొంతులో వెలక్కాయ పడింది.

సాయంత్రం పని నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుని చదవడం మొదలుపెట్టాడు. సేనాధిపతి మంత్రితో అంటున్నాడు: "నేను చెబితే చేదు, పొరుగు రాజ్యంవాళ్లు చెబితే పంచదార."

అత్తగారు తలెత్తింది. "ఈయనెవరో నాకు తెలిసిన మనిషిలా ఉన్నాడే!"

"నవలండీ, అంతా కల్పితం."

"ఊఁ. చదవండి అల్లుడుగారూ."

నాలుగో రోజుకి బురదగుంట వచ్చింది. అతను ఆగిపోయాడు.

"ఏమైంది?"

"కాగితాలు అంటుకుపోయాయండీ."

"విడదీయండి. నాకేం తొందర లేదు."

ఇక తప్పలేదు. తల వంచుకుని చదివేశాడు. ఆవిడ చెంగు సర్దుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆయన కోసం ఎవరేడ్చారు?"

"రాయలేదండీ."

"ఒక్కరూ ఏడవలేదా?"

మర్నాడు భోజనాల వేళ లిఫ్టు గదిలో కూర్చుని అతను సేనాధిపతి అంత్యక్రియలు రాశాడు. ఏడవడానికి ఎవరున్నారా అని వెతికితే, బూట్లు సరిగా తుడవలేదని రోజూ తిట్లు తినే బంట్రోతు దొరికాడు. ఆ బంట్రోతుకి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది ఎవరో కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆ సేనాధిపతే అని రాశాడు. కిందటేడు తనకు జ్వరమొచ్చినప్పుడు జరిగినదాన్ని ఒక్క ముక్క మార్చలేదు.

సాయంత్రం అది చదువుతుంటే అత్తగారి ముక్కు ఎర్రబడింది.

"అమ్మా, కట్టు తడుపుతావా? డాక్టరు నన్ను తిడతాడు!" అని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది కూతురు. "మీకైనా బుద్ధి ఉండక్కర్లేదా?" అని మొగుణ్ణీ వదల్లేదు.

"దాన్ని అరవనీండి" అంది అత్తగారు, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ. "యుద్ధం ఇంకా ఉందా?"

"చాలా ఉందండీ."

"అయితే రేపు కాస్త పెందలాడే రండి."