తెలిసిన మాట

మాట పడిపోయిన మనిషికి మళ్ళీ మాట వస్తే, మొదట భర్తనో బిడ్డనో పిలుస్తుందని ఎవరైనా అనుకుంటారు. టైలరు భార్య పక్షవాతం వచ్చి ఆసుపత్రి మంచం మీద పదకొండు రోజులు మూగగా పడి ఉండి, పన్నెండోరోజు పొద్దున నోరు విప్పి అన్న మాట "సిమ్మర్".

టైలరుకి అది సీమ్ అని వినబడింది. సీమ్ అంటే కుట్టు. ముప్ఫై ఏళ్ళుగా కుట్టు మీద బతికే మనిషికి ఇంకేం వినబడుతుంది? ఆమెకి తొడిగిన ఆసుపత్రి గౌను ఎక్కడో విడిపోయిందనుకుని భుజం నుంచి అంచుదాకా తడిమి చూశాడు. కుట్లన్నీ బాగానే ఉన్నాయి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కొన్ని మాటలు పోతాయి, కొన్ని మిగుల్తాయి. ఏవి మిగుల్తాయన్నది మా చేతుల్లో లేదు" అన్నాడు డాక్టరు. ఆమెకి తెలుగు మొత్తం పోయింది. ఇంగ్లీషు మిగిలింది, అదీ వంటింటి ఇంగ్లీషు.

ఆ ఇంగ్లీషు ఆమెకి ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు. ఒక పెద్ద హోటలు వంటగదిలో ఉల్లిపాయలు తరగడానికి చేరి, ఇరవయ్యారేళ్ళలో రెండో వంటమనిషి స్థాయికి వెళ్ళింది. అక్కడ ఏ వంటకం ఎలా చెయ్యాలో కార్డుల మీద ఇంగ్లీషులో రాసి గోడకి అంటించేవారు. పెద్ద వంటాయనకి తెలుగు రాదు, ఈమెకి ఇంగ్లీషు రాదు. ఈమె ఒక పొడుగాటి పుస్తకం కొనుక్కుని, విన్న ప్రతి మాటనీ తెలుగు అక్షరాల్లో రాసుకుని, పక్కన అర్థం రాసుకునేది.

ఇంటికొచ్చాక కూడా ఆ మాటలు నోట్లోంచి జారిపడేవి. టైలరు మొదట్లో నవ్వేవాడు. "దొరసానిగారూ, మాకూ కాస్త వడ్డిస్తారా?" అనేవాడు. తరవాత నవ్వడం మానేశాడు. ఒకరోజు బంధువుల ముందు ఆమె ఏదో అంటే, "ఆ ముక్కలు నీ హోటల్లో అమ్ముకో. నా ఇంట్లో వద్దు" అన్నాడు. అతను నాలుగో తరగతి, ఆమె రెండో తరగతి. పెళ్ళాం తనని దాటిపోతోందని కుళ్ళు, అంతే. దానికి ఇంకో పేరు పెట్టాల్సిన పని లేదు. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు.

ఇప్పుడు ఆమెకి ఆ ముక్కలే మిగిలాయి. అతనికి వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంటికి తీసుకొచ్చి, ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశాడు. వీధి చివరున్న దుకాణం తలుపులు మూసేశాడు. ఆమె ఏదో అడిగేది, అతను ఇంకేదో తెచ్చేవాడు. దువ్వెన అడిగితే మందు, మందు అడిగితే మంచినీళ్ళు. కాలుగాలిన పిల్లిలా వంటగదికీ మంచానికీ మధ్య తిరిగేవాడు.

అన్నిటికంటే ఎక్కువసార్లు ఆమె అన్న మాట "ఫోల్డ్". పొద్దున్నే పక్క గుడ్డ మార్చేటప్పుడు మొదలుపెట్టేది. ఫోల్డ్, ఫోల్డ్, ఫోల్డ్. అది టైలరుకి తెలిసిన మాటే. ఫోల్డ్ అంటే మడత. దుప్పటి మడత పెట్టాడు. తువ్వాలు మడత పెట్టాడు. ఇస్త్రీ చేసిన బట్టలు తీసి మళ్ళీ ఆమె ఎదురుగా మడతలు పెట్టి చూపించాడు. ఆమె బాగున్న చేత్తో మంచం పట్టెని కొట్టి ఏడ్చింది.

ఆదివారం కూతురు వచ్చింది. చదువుకున్న పిల్ల, ఆఫీసులో ఉద్యోగం. "ఫోల్డ్ అంటే మడతేగా నాన్నా" అంది ఆ పిల్ల కూడా. అని, ఏదో గుర్తొచ్చి బీరువా మీది పెట్టె దింపింది. అందులో ఉంది ఆ పుస్తకం. నూనె మరకలతో అట్ట నల్లబడిపోయి, పేజీల మధ్య ఇంకా పిండి రాలుతోంది. అక్షరాల వరుస లేదు పాడూ లేదు, ఏ రోజు విన్న మాట ఆ రోజు రాసుకుంది.

ఫోల్డ్ ముప్ఫయ్యో పేజీలో దొరికింది. "ఫోల్డ్: మడత కాదు. గరిటె కిందికి పోనిచ్చి, అడుగు నుంచి పైకి తేవాలి. మెల్లగా. తొందరపడితే లోపలి గాలి పోయి అణిగిపోతుంది."

టైలరు అది రెండుసార్లు చదువుకున్నాడు. రోజూ పక్క గుడ్డ మార్చడానికి ఆమెని ఎలా తిప్పుతున్నాడో గుర్తొచ్చింది. మిషను కింద గుడ్డని లాగినట్టు, భుజం పట్టుకుని ఒక్క లాగు. మర్నాడు పొద్దున రెండు చేతులూ ఆమె వీపు కిందికి పోనిచ్చి, అడుగు నుంచి మెల్లగా పైకి తెచ్చాడు. ఆమె కళ్ళు మూసుకుంది. "ఫోల్డ్" అంది, ఈసారి ఏడుపు లేకుండా.

"చెప్పొచ్చుగా" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. చెప్పక ఏం చేసింది పాపం.

ఆ రోజు నుంచి అరవై రెండేళ్ళ టైలరు బడిపిల్లాడైపోయాడు. మంచం పక్కన స్టూలు వేసుకుని, మెడలో టేపు, చెవి సందున బట్టల మీద గీసే చాక్ పెట్టుకుని పుస్తకం చదివేవాడు. రానివి పైకి చదివి వల్లెవేసేవాడు. ముందే తెలిసినవి కనబడితే చదవకుండా వాటి మీద చాక్‌తో ఒక గీత గీసేసేవాడు. వాటర్, సాల్ట్, హాట్, ఇలాంటివి ఎవరికి తెలీవు? దాటేస్తే పని తొందరగా అవుతుంది.

సిమ్మర్ దొరికింది: "పొంగనివ్వకూడదు, ఆగనివ్వకూడదు. చిన్న మంట." గదిలో నలుగురు చేరి గట్టిగా మాట్లాడితే ఆమె సిమ్మర్ అంటోందని తెలిసి, చూడవచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే పంపించాడు. గార్నిష్, వంటకం మీద చేసే అలంకరణ, ఆమె అంటే దువ్వి జడ వెయ్యమని. డ్రైన్ అంటే చెప్పక్కర్లేదు, బెడ్‌పాన్ కోసం పరిగెత్తాలి. ఒకసారి అతను తప్పు మాట పలికితే ఆమె నవ్వింది. వంకరపోయిన మూతితోనే నవ్వింది. పెళ్ళైన కొత్తలో కూడా వాళ్ళు ఇంతసేపు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది లేదు.

ఒకచోట "టు టేస్ట్" అని ఉంది. "ఎంతో చెప్పరు. తినేవాళ్ళని బట్టి వెయ్యాలి. మా ఆయనకి కాస్త ఎక్కువ."

"ఆ రోజు చుట్టాల ముందు అన్నాను చూడు, అది తప్పే" అన్నాడు పుస్తకంలోంచి తల ఎత్తకుండా. ఆమెకి అర్థమైందో లేదో తెలీదు. బాగున్న చేత్తో అతని మెడలోని టేపు పట్టుకుని కాసేపు అలాగే ఉంది.

మూడు నెలలు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం అన్నం తినిపించి మూతి తుడుస్తుంటే ఆమె అతని వైపు చూసి "రెస్ట్" అంది. ఇది వెతుక్కోవాల్సిన మాట కాదు. రెస్ట్ తీసుకోవడం తెలీనివాళ్ళుంటారా? "ఆ, పడుకో. నేనేం సడి చెయ్యను" అన్నాడు. ఆమె మళ్ళీ అంది, "రెస్ట్". కిటికీ తెర వేశాడు. దుప్పటి కప్పాడు. మూసిన దుకాణంలో ఒక బడిపిల్ల యూనిఫారాలకి గుండీలు పెట్టడం ఇంకా బాకీ ఉంది, ఆ పిల్ల తల్లి రెండుసార్లు వచ్చి వెళ్ళింది. ఆమె నిద్ర లేచేలోపు ఆ పని చూసుకొద్దామని తలుపు దగ్గరగా వేసి దుకాణానికి వెళ్ళాడు. ఆరు గుండీలు, అరగంట.

తిరిగొచ్చేసరికి ఆమె లేదు. మంచం మీదే ఉంది, కానీ లేదు. పక్షవాతం రెండోసారి వచ్చిందన్నాడు డాక్టరు, ఎవరున్నా ఆపగలిగేది కాదన్నాడు. బాగున్న చెయ్యి మాత్రం దుప్పటిలోంచి బయటికి వచ్చి స్టూలు వైపు చాచి ఉంది.

నెల తరవాత కూతురు వచ్చింది. తండ్రి సరిగ్గా తినడం లేదని చూసి, అమ్మ చేసే కోడి రోస్టు చేద్దామని, పుస్తకం చివర అమ్మ రాసుకున్న వంటకాల పేజీలు తెరిచింది. ఆ పిల్లకి వంట రాదు. అంత బాగా వండే తల్లి ఉంటే ఎవరు నేర్చుకుంటారు? తండ్రి ఉప్పు అందించాడు, కూతురు మంట చూసింది. టు టేస్ట్ దగ్గర అతనే ఇంకో చిటికెడు వేశాడు. చివరి వరుసకొచ్చారు.

"దించి, రెస్ట్ అని రాసింది నాన్నా. అంటే ఏం చెయ్యాలి?"

"రెస్ట్ తెలీదా" అనబోయి ఆగిపోయాడు. కోడికి రెస్ట్ ఏమిటి?

పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు. డెబ్బయ్యో పేజీ దాటాక దొరికింది. దాని మీద అడ్డంగా తెల్లటి చాక్ గీత ఉంది. అతను గీసిందే. బొటనవేలితో రుద్దితే కింది అక్షరాలు బయటపడ్డాయి.

"రెస్ట్: దించగానే కొయ్యకూడదు. మూత పెట్టి పది నిమిషాలు ఉంచాలి. మొదటిసారి విన్నప్పుడు నన్నే రెస్ట్ తీసుకోమన్నారనుకుని బయటికి పోయి కూర్చున్నాను. పెద్ద వంటాయన ఒకటే నవ్వు. రెస్ట్ అంటే వదిలేసి పోవడం కాదట. ముట్టుకోకుండా పక్కనే ఉండటమట."

ఆమె ఆ రోజు ఏ అర్థంతో అందో ఇక ఎవరూ చెప్పలేరు. నిద్ర వస్తోందనే అందేమో. కానీ రెండుసార్లు అంది. అతను పడుకోమన్నాక మళ్ళీ అంది.

"ఏం రాసింది నాన్నా?"

"పది నిమిషాలు మూత తియ్యకూడదమ్మా" అన్నాడు టైలరు.

"అయితే నువ్వెళ్ళి కాసేపు నడుం వాల్చు. అయ్యాక పిలుస్తాను."

"లేదు. ఇక్కడే ఉండాలి."

ముందుగదిలోంచి ఆ స్టూలు తెచ్చి, పొయ్యి గట్టు పక్కన వేసుకుని, మూత పెట్టిన గిన్నె ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పది నిమిషాలు అయ్యాయని కూతురు చెప్పింది. కాసేపాగి మళ్ళీ చెప్పింది. అతను లేవలేదు.