జరిగే బెంచీ

తోటమాలి ఇనుప బెంచీకి భుజం ఆనించి, పళ్ళు బిగబట్టి ఇంకో జానెడు ముందుకు నెట్టాడు. దాన్ని నేలకు బిగించిన బోల్టులు పీకేసినవాడూ అతనే. పార్కు సూపర్‌వైజరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నడకదారిలో ఒక్క ఎండుటాకును కూడా ఉండనివ్వని మనిషి కదా, ఇదీ ఏదో చాదస్తంలే అనుకున్నాడు.

ఆ చాదస్తమంతా అక్క కోసం. చక్కెర జబ్బు ముదిరి ఆమె కుడికాలికి రక్తం సరిగ్గా అందడం లేదు. నడవకపోతే, తీపి మానకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. ఆమె మాత్రం ముందు గేటు నుంచి బెంచీ దాకా నడిచి చతికిలబడేది. అంతకు మించి అడుగు వేసేది కాదు. తిరిగి వెళ్తూ గేటు పక్కనున్న బేకరీలో దూరేది. మొండితనంలో ఆమెకు సరిజోడు తమ్ముడొక్కడే.

అందుకే రోజూ ఆమె రాకముందే బెంచీ ముందు గేటు నుంచి ఇంకాస్త దూరం జరిగేది. పార్కు వెనక గేటు దాటితే కూరగాయల బజారు. తుప్పు పట్టిన ఆ గేటు తాళం తీయించడానికి అతను మున్సిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. నిన్ననే తీశారు. ఈ రోజు బెంచీ దాని పక్కకు చేరింది.

అక్క రొప్పుతూ వచ్చి కూలబడింది.

"ఒరేయ్, దీనికి కాళ్ళు మొలిచాయని నాకు తెలీదనుకున్నావా?"

"తెలిసే నడిచావా?"

"పాపం, నడుం విరగ్గొట్టుకుని నెడుతున్నాడు కదా అని నడిచాను. డాక్టరు కోసం కాదు."

అతనికి నవ్వొచ్చింది. కళ్ళు చెమ్మగిల్లాయి. పొద్దుట్నుంచి గుండెలో ఉన్న నొప్పి ఇంకాస్త బిగిసింది.

"బజారుకెళ్ళి లేత కీరదోసకాయలు తీసుకురా అక్కా."

"నువ్వు తేవచ్చుగా?"

"నాకు కాసేపు కూర్చోవాలనుంది."

తమ్ముడు కూర్చుంటాననడం ఆమె ఎన్నడూ వినలేదు. గొణుక్కుంటూనే లేచింది. ఆమె గేటు దాటి, బుట్టల మధ్య ఆగి, గొంతు పెంచి బేరమాడడం అతను చూశాడు. ఆ గొంతు వింటూనే ప్రాణం విడిచాడు.

అక్క సంచీతో తిరిగొచ్చింది. "పని ఎగ్గొట్టి నిద్రా?" అంటూ పక్కన కూర్చుంది. ఒక కీరదోసకాయను అరచేత్తో తుడిచి, రెండుగా విరిచి, పెద్ద ముక్క అతని ఒళ్ళో పెట్టింది. తన ముక్క కొరికాక గానీ అతని ముఖం వైపు చూడలేదు.

జనం చేరారు. అతన్ని మోసుకుంటూ ముందు గేటు వైపు తీసుకెళ్ళారు. పార్కు పొడవునా వాళ్ళ వెంట అక్క నడిచింది, ఎక్కడా కూర్చోకుండా. బెంచీ కింద గడ్డిలో ఆ పెద్ద ముక్క పడి ఉంది, విరిచిన చోట ఇంకా తడిగా.