దిబ్బ మీద సాంపి

పొద్దున లేవగానే కాసిన్ని నీళ్లు చల్లనిదే చెన్నయ్యకు చెయ్యి ఊరుకోదు. ఎడారి దేశంలో, ఇబ్రా పట్నం దాటాక ఇసుక దిబ్బల మధ్య ఉన్న టూరిస్టు క్యాంపులో అతనిది పని. దిబ్బ అంచున జనం కూర్చునే చోట, ఊళ్లో వాకిట్లో పేడనీళ్ల సాంపి చల్లినట్టు, రోజూ డబ్బాతో బోరు ఉప్పునీళ్లు చల్లేవాడు. ఇసుక గట్టిపడి అరుగులా అయ్యేది. ఎడారికి సాంపి ఏమిటయ్యా అంటే వింటాడా మహానుభావుడు!

ఆ రోజు మరీ ముచ్చటపడి చల్లాడు. ఇబ్రాలో ఒక ఇంట్లో పనిచేసే భార్య ముత్తవ్వ, మేడమ్‌తోనూ పిల్లలతోనూ సాయంత్రం అక్కడికే వస్తోంది. రంజాన్ తర్వాత ఆమెను చూడనేలేదు.

చాప పరిచి, ఫ్లాస్కు పెడుతుంటే అంచు పొడవునా సన్నటి పగులు కనిపించింది. గోడకు పగులు పడుతుంది, పొలానికి పడుతుంది. ఇసుకకు పడటమేమిటి? చూడకుండా ఉండలేకపోయాడు. పగులుకు బాగా వెనక్కి జరిగి పారతో మోకాలి లోతు తవ్వాడు.

పైన గట్టి అట్ట. దాని కింద గాలిదుమారం తెచ్చి పోసిన పొడి ఇసుక, వేలు పెడితే జలజలా రాలింది. మళ్లీ అట్ట, మళ్లీ పొడి. ఆ అట్టలన్నీ తను చల్లిన నీళ్లవే!

"ఏందప్పా, బావి తవ్వుతాండావా?" క్యాంపు చూసుకునే కడప జిలాని కింది నుంచి అరిచాడు. "మేడమోళ్లు దారిలో ఉండారు. పిల్లోల్లు జారుడు పలకలేసుకుని ఆడ్నుంచే జారతారంట."

"జర ఆగు భాయ్. ఇది నిలుస్తదో లేదో చూడనీ."

గోతి పక్కన దిండంత ముక్కను చుట్టూ కోసి, పైన అరచేత్తో తట్టాడు. ఏమీ కాలేదు. ఇంకాస్త గట్టిగా తట్టాడు. పై అట్ట విరగనైనా విరగకుండా పెట్టె మూతలా జారి గోతిలో పడింది.  పిల్లలు ఈ అంచుకు ఉరికితే, వాళ్లను పట్టుకోవడానికి వెనకే ఉరికేది ముత్తవ్వే.

"పక్కకు జరుగు భాయ్! కూలగొడుతున్న!"

"నీకేమన్నా పిచ్చా? కంపెనీ ఊరుకుంటాదా?"

"ఊరుకోకుంటే ఇంటికి పంపియ్యనీ. చేసింది నేనే, కూలగొట్టేది నేనే."

తిట్టుకుంటూనే జిలాని దూరం జరిగాడు. చెన్నయ్య బోర్లా పడుకుని, టెంటు గుంజను చాచి పగులులో పొడిచాడు. అంచంతా ఒక్కసారిగా ఊడి, చాపతో ఫ్లాస్కుతో సహా కిందికి పోయింది. దిబ్బ లోపలినుంచి బుంయ్‌మని మోత వచ్చింది. "యా అల్లా" అంటూ జిలాని ఇంకా దూరం పరిగెత్తాడు.

కాసేపటికి కారు ఆగింది. ముత్తవ్వ చిన్నపిల్లతో దిగి తల ఎత్తింది.

"జాగ మంచిగ చేసిన అని ఫోన్ల చెప్తివి గద! ఏదయ్యా?"

"నీ ముందట్నే ఉంది. నీళ్లు చల్లీ చల్లీ నేనే పాడుచేసిన."

ఆమె ఇసుక కుప్పకేసి చూసింది. ఫ్లాస్కు మూత ఒక్కటే బయటికి కనిపిస్తోంది. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి జరిగింది. 

"ఆ నీళ్ల డబ్బా ఆడ్నే పారేయ్," అంది. "నువ్వు మాత్రం ఆ పక్కకెళ్లి మెల్లగ దిగి రా."