గుండ్రంగా సంతకాలు

హారిస్ పార్క్ మిఠాయి కొట్లో కౌన్సిలర్ మిచికో నా ఎదురుగా కూర్చుని కొత్త అర్జీ కాగితం తీసేసరికి ఒళ్లు మండింది. మధ్యలో గుండ్రం, చుట్టూ సంతకాలకు చోటు. పైన వంకరటింకరగా ‘శ్రీ’. ఓట్ల కోసం మా శ్రీకారం కూడా నేర్చిందన్నమాట.

ఈవిడ ఒసాకాలో బట్టల మిల్లులో యూనియన్ పెట్టి, ఉద్యోగం పోగొట్టుకుని సిడ్నీ వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే మా లాండ్రీలో నా పక్క మెషీన్ మీదే పనిచేసేది. రెండేళ్ల కిందట ఎండలకు ఇద్దరు కళ్లు తిరిగి పడిపోతే, ఫ్యాన్లు కావాలని అర్జీ రాసింది. చుట్టూ సంతకాలు పెడితే మొదట ఎవరు పెట్టారో తెలియదట, పూర్వం వాళ్ల రైతులు అలాగే చేసేవారట. నమ్మి, అందరికన్నా ముందు నేనే పెట్టాను.

వారం తిరక్కుండా మేనేజర్ నన్ను పిలిచి, మొదలుపెట్టింది నువ్వేనా అన్నాడు. కాదన్నాను. నా వీసా వాళ్ల స్పాన్సర్‌షిప్ మీదే ఉంది మరి. ఆ వారంలోనే మిచికో కనిపించకుండా పోయింది. ఏడాదికి కౌన్సిలర్ అయి కూర్చుంది. నా పేరు చెప్పి తను ఒడ్డున పడిందని నాకు గట్టి అనుమానం.

“సుగుణా, మన పర్మనెంట్ వీసా ఇంకా ప్రాసెసింగ్‌లో ఉంది, ఇప్పుడు ఆవిడతో మీటింగ్ ఎందుకే?” అన్నాడు పొద్దున్న మా ఆయన దాసు. కడిగేసి వస్తానని చెప్పి బయల్దేరాను.

“మేనేజర్‌కి నా పేరు ఎవరు చెప్పారు?” మొహం మీదే అడిగాను.

మిచికో ఫోన్‌లో పాత అర్జీ ఫోటో చూపించింది. గుండ్రం పైన ముచ్చటగా ‘శ్రీ’. నా చేతిరాతే. తెల్ల కాగితం దొరికితే ముందు శ్రీ రాయడం చిన్నప్పటి అలవాటు, రాసినట్టు గుర్తు కూడా లేదు. సంతకాలు పెట్టిన పదకొండు మందిలో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే.

“నిన్ను పిలిచాడని తెలిసి, ఇంట్లో ఆ అక్షరం రాసి రాసి నేర్చుకున్నాను. మర్నాడు వెళ్లి, అది నాదే అన్నాను. రాసి చూపించమన్నాడు. చూపించాను. ఉద్యోగంలోంచి తీసేశాడు,” అంది మామూలుగా.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. రెండేళ్లయినా మా లాండ్రీకి ఫ్యాన్లు ఇంకా రాలేదు.

“మరి ఈ కొత్త అర్జీ మీద శ్రీ ఎందుకు రాశావు?”

“నువ్వు అలవాటుగా మళ్లీ రాసేస్తావని.”

దాసు ఫోన్ చేస్తున్నాడు. ఫోన్ బోర్లించి, పెన్ను తీసుకుని, గుండ్రం చుట్టూ చోటు వెతుక్కున్నాను.